ధనరాజు చేతి కట్టు

పాత కట్టు అంటుకుపోయిన చోట సెలైన్ పోసి, అది నానేదాకా ఆగాడు ధనరాజు. లాగి పీకడం ఆయనకి చేతకాదు. రాజాం ఆసుపత్రిలో ఇరవయ్యారేళ్లుగా ఆయన పని పుళ్లు కడిగి కట్టు కట్టడమే. పుండు మీద తెల్లటి పొర కనిపిస్తే మాత్రం తుడిచి ఎర్రగా తేల్చేదాకా ఆ వేళ్లు ఊరుకోవు.

"నీ సెయ్యి సల్లంది బావా," అన్నాడు బల్ల మీది అసిరయ్య. గరివిడిలో ఫర్నేసు దగ్గర కరిగిన లోహం పాదం మీద చింది ఎనిమిది నెలలైంది. సుగరు మనిషి, పుండు మానలేదు. ఈలోగా వరస మాత్రం కలిపేశాడు.

కట్టు విప్పగానే వాసన కొట్టింది. శనివారం ఎర్రగా ఉన్న పాదం మూడు రోజుల్లో మడమ దాకా నల్లబడిపోయింది. ధనరాజు డాక్టరుకి కబురు పంపాడు.

ఆ ఉదయమే సెలవు నుంచి వచ్చిన డాక్టరు విశాలి పుండు చూసి, ఆయన్ని వరండాలోకి పిలిచింది.

"శుక్రవారం నేను పెట్టిన పొర ఏది?"

"శనివారం నేనే తీసీసినానమ్మా. సీము పట్టిందనుకున్నాను."

ఆమె నొసలు పట్టుకుంది. "అది మందు, ధనరాజుగారూ. కాన్పులో పడే మాయ నుంచి తీసి, శుద్ధి చేసి పంపిన పొర. వారం కదపకుండా ఉంచితే కింద కొత్త చర్మం వస్తుందని ఆశపడ్డాను. కేసు షీటులో రాశాను కదా!"

ఆయన ఏనాడూ షీటు చూడలేదు. పుండే చూసేవాడు.

"ఇంకోటి ఎట్టండమ్మా."

"ఇక లాభం లేదు. పొర ఉన్నా పాదం నిలిచేదో లేదో చెప్పలేను. విశాఖ పంపుదాం. కాలు తీసేయాలి."

లోపలికొచ్చి, ముడుత పడకుండా కట్టు కట్టాడు.

"ఏటంటాది డాక్టరమ్మ?"

"విశాఖ పంపుతాదంట."

"ఆళ్లకి నీలాగ కట్టడం రాదు బావా. ఇన్నాళ్లూ నీ సేతి మీదే నిలిసింది."

నేనే పాడుచేశానన్న మాట ధనరాజు గొంతుదాకా వచ్చింది. కత్తెర ట్రేలో పెట్టి, పాత కట్టు గుడ్డలు ఏరాడు. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం అంబులెన్సు వచ్చింది. అసిరయ్య భార్య కూర్మమ్మ ఎక్కబోతూ ధనరాజుకి రెండు చేతులూ జోడించింది. బండి వెళ్లిపోయింది.

వార్డులో మంచం ఖాళీ చేయడానికి ఆయనే వెళ్లాడు. మంచం కింద ఓ సంచీ మిగిలింది. పాదం మానుతుందని డాక్టరమ్మ అన్న రోజే కూర్మమ్మ బజారుకెళ్లి కొన్నట్టుంది. అందులో కొత్త చెప్పుల జత, రెంటినీ కలిపి కొట్టువాడు కట్టిన దారం ఇంకా తెంపలేదు.