నిలబడి తిన్నది

గిన్నెలు తోమడానికి వేసేముందు అడుగున మిగిలింది నేనింత, అమ్మాయింత నోట్లో వేసుకుని, చెయ్యి కడుక్కుని, నోటుబుక్కు తీసి రాశాను: మధ్యాహ్నం, రెండు గరిటెల అన్నం, పప్పు, మజ్జిగ. తిన్నది నా కూతురు ప్రమీలారాణి. రాసింది నేను, ఐదో క్లాసు చదివిన చేత్తో. వారం రోజులు ఏం తిన్నదీ రాసుకు రమ్మని మద్రాసు డాక్టరు గారు ఉత్తరంలో చెప్పారు. అది ఎనభై ఆరో సంవత్సరం, ఎండాకాలం. దానికోసమే జగ్గయ్యపేట నుంచి వచ్చి నందిగామలో అల్లుడింట్లో ఉన్నాను.

ప్రమీలకి ముప్ఫయ్యేళ్లు. ఒక పాపకి తల్లి, బడిలో మూడో క్లాసుకి టీచరు. బోర్డు దగ్గర పావుగంట నిలబడితే ఆయాసం, మోకాళ్లు పట్టేస్తాయి, చక్కెర జబ్బు కూడా మొదలైంది. ఇలాగే ఉంటే నలభై దాటడం కష్టమని నందిగామ డాక్టరు అన్నప్పటి నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. మద్రాసులో దీనికి ఆపరేషను ఉందని కూడా ఆయనే చెప్పాడు. లావు తగ్గడానికి కడుపు కోస్తారని మా వైపు ఎవరం విన్నాం? మత్తిచ్చాక లేవకపోతే? కుట్లు ఊడిపోతే? కోయించకపోతే నలభై ఏళ్లకి, కోయిస్తే ఆ బల్ల మీదే. నా బుర్ర ఈ రెండిటి మధ్యే గానుగెద్దులా తిరిగింది.

బరువు రాసి పంపాలన్నారు. ఆసుపత్రి మిషను నూట పదికి ఆగిపోయింది. కోర్టులో గుమస్తాగా చేసే అల్లుడు తిరుపతిరావు మమ్మల్ని పత్తి కొట్టుకి తీసుకెళ్లి, తను మాత్రం రోడ్డవతల కిళ్లీ కొట్టు దగ్గర నిలబడ్డాడు. బస్తాలు తూచే సిలార్ పాపం తలెత్తకుండానే కాటా సరిచేశాడు. కాటా దగ్గర మొదటి బస్తాని ఒకటి అనరు, లాభం అంటారు. అలవాటు కొద్దీ 'లాభం' అని గట్టిగా అనేశాడు. హమాలీలు నవ్వాపుకోలేకపోయారు. నాకు తలకొట్టేసినట్టయింది. నా కూతురు కాటా మీద అలాగే నిలబడి, "ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు సిలారన్నా, నువ్వన్నా అన్నావు" అంది. నూట ఇరవై ఆరు కిలోలు. ఆ చీటీ తనే చేత్తో పట్టుకుని రోడ్డు దాటింది.

ముగ్గురం మద్రాసు వెళ్లాం. డాక్టరు గారు తెలుగాయనే. నా నోటుబుక్కు రెండుసార్లు తిరగేసి, ఇంతే తినేవాళ్లు ఇంత బరువుండరమ్మా అన్నారు. అబద్ధం ఒక్క ముక్క రాయలేదని ఒట్టేశాను. నిజంగానే రాయలేదు. కంచం ముందు కూర్చుని తిన్నదంతా రాశాను.

ప్రమీల హ్యాండుబ్యాగులోంచి పిల్లల నోట్సు దిద్దే ఎర్ర పెన్ను తీసింది. నా గీతల మధ్య రాసుకుంటూ పోయింది. పొద్దున పాప వదిలేసిన ఇడ్లీలు రెండు. ఆయన పళ్లెంలో మిగిలిన ఉప్మా. పారబొయ్యలేక తాగిన పాలు. పప్పుగిన్నె అడుగు. అత్తయ్యగారు సహించడం లేదని పక్కన పెట్టేసిన పులిహోర. చూస్తుండగానే పేజీలో నా నల్ల అక్షరాలు ఎక్కడో మునిగిపోయాయి.

"ఇవన్నీ నిలబడి తిన్నవండీ. మా ఇళ్లల్లో వీటిని తినడం అనరు" అంది.

నేను తలొంచుకున్నాను. ఇది దానికి నేర్పిందెవరు? అన్నం పారబోస్తుంటే మా ఆయన ఒకసారి చూసి, నా కష్టం గేదె పాలు చేస్తున్నావా అన్నాడు. ఆ రోజు నుంచి మా గేదె కుడితిలో మెతుకు పడలేదు. అంతా నా కడుపులోకే. నావల్ల కాని రోజున, ఈ ముద్ద నువ్వు తినెయ్ తల్లీ అని దాన్ని పిలిచేదాన్ని. పదేళ్ల పిల్ల, వచ్చి నోరు తెరిచేది.

డాక్టరు గారు కాగితం మీద రెండు బొమ్మలు గీశారు. మొదటిది పేగుకి అడ్డదారి కలపడం. ఎంత తిన్నా ఎక్కువ భాగం ఒంటికి పట్టకుండా పోతుంది, త్వరగా చిక్కిపోతారు. కానీ విరేచనాలు, కాలేయం చెడే భయం, జీవితాంతం మాత్రలు. తనైతే ఇది చేయించుకోమని చెప్పనన్నారు. రెండోది పొట్టనే పిన్నులు కొట్టి పైన చిన్న సంచిలా చెయ్యడం. నాలుగైదు చెంచాలే పడుతుంది. కూర్చుని, మెత్తగా నమిలి, అరగంట తినాలి. హడావుడిగా మింగితే వాంతి. తగ్గడం కాస్త నిదానం.

తిరుపతిరావుకి మొదటిదే నచ్చింది. ఇంట్లో పద్ధతులేవీ మార్చుకోనక్కర్లేదన్నాడు. నేనైతే రెండూ వద్దు, ఇంటికెళ్దాం పదమ్మా అని చెయ్యి పట్టుకున్నాను. ప్రమీల నా చెయ్యి విడిపించుకోలేదు. అలాగే పట్టుకుని డాక్టరు గారిని అడగాల్సినవన్నీ అడిగింది: మత్తు గురించి, చావు గురించి, ఎన్నాళ్లకి బడికి వెళ్లొచ్చో. నా నోట రాని మాటలు, పాఠం అడిగినంత నిబ్బరంగా.

"రెండోదే చెయ్యండి" అంది చివరికి. "మొదటిదైతే నేను ఎప్పట్లాగే అందరూ వదిలేసినవి తింటూ బతకొచ్చు. రెండోదైతే కుదరదు."

"మరి ఇంట్లో భోజనాలు?" అన్నాడు అల్లుడు.

"నా వేళకి నేను ముందు కూర్చుంటానండీ. అరగంట పడుతుందిగా."

మొగుడి ముందు ఇంత మాట మెల్లగా చెప్పొచ్చని నాకు తెలీదు. ఆపరేషను రోజు నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చుని నేను అనుకున్న చెడు ఒక్కటీ జరగలేదు. దేవుళ్లందరికీ మొక్కాను గానీ, నా ధైర్యమంతా అది అన్న ఆ మాటే.

మూడు నెలల తర్వాత నందిగామ ఇంట్లో, బడికి సెలవు రోజు. పదకొండున్నరకి ప్రమీల చిన్న పళ్లెంలో మెత్తటి అన్నం పెట్టుకుని పీట మీద కూర్చుంది. ఇరవై రెండు కిలోలు తగ్గింది. గోడ పట్టుకోకుండా కూర్చోగలుగుతోంది. ఇంకా ఎవరూ తినలేదు. వియ్యపురాలు దుర్గాంబగారు గడపలో నిలబడి చూస్తున్నారు. పొద్దుటి ఉప్మా గిన్నెలో మిగిలింది. అలవాటుగా నా చెయ్యి అందులోకి వెళ్లింది, ఆగింది. పెరట్లోకెళ్లి గేదె తొట్టిలో పోసి వచ్చాను. కంచం తీసి, వేడన్నం వడ్డించుకుని, నా కూతురి పక్కన పీట వేసుకున్నాను.

"ఆపరేషను మీ అమ్మాయికా, మీకా వదినగారూ?" అన్నారు దుర్గాంబగారు.

"నాకు ఆకలేస్తోందండీ" అన్నాను.

యాభై రెండేళ్లలో ఆ మాట పైకి అనడం నాకదే మొదలు.