ఎర్రమ్మ మామ్మ అల్లిన వాలీబాల్ నెట్

నేను ఒక వాలీబాల్ నెట్‌ను. పుట్టింది దుకాణంలో కాదు, సముద్రపు ఒడ్డున, ఎర్రమ్మ మామ్మ ఒళ్ళో. వలలకు తెచ్చిన నైలాన్ దారంలో మిగిలినదాంతో, మనవరాలు నూకరత్నం ముచ్చట తీర్చడానికి ఆమె నన్ను అల్లింది. అలవాటు కొద్దీ చేపల వలకు వేసినట్టే కన్నులు చిన్నవిగా వేసింది. నా అక్కచెల్లెళ్ళైన వలల్లో ఏదైనా పడితే ఊరంతా సంబరపడుతుంది. నాలో బంతి పడితే మాత్రం అందరూ తిడతారు. మనుషుల తీరు నాకు అంతుబట్టదు.

నన్ను బడి వెనక ఇసుకలో రెండు సరుగుడు గుంజలకు కట్టారు. ఆరుగురు ఆడపిల్లల జట్టుకు నూకరత్నమే కెప్టెన్. మంచి ఆటగత్తె. బంతి ఎటు వచ్చినా "నాదే" అని కేకేసి దూకేది. మిగతావాళ్ళు దారి ఇవ్వడం నేర్చుకున్నారు. తాను తప్పు కొట్టినప్పుడు మాత్రం "మీరేటి సేత్తన్నారు?" అని వాళ్ళనే కసిరేది.

పక్కూరి బడితో పోటీ దగ్గరపడింది. గెలిస్తే మండలం ఆటలకు వెళ్తారు. అప్పుడు జట్టులోని గవరమ్మ నా కింద చతికిలబడింది.

"నాను రాను. నా బదులు ఇంకో గుంజ పాతుకో."

దానమ్మతో సహా తక్కిన పిల్లలూ ఆమె పక్కనే కూర్చున్నారు. నూకరత్నం బిక్కమొహం వేసింది. తెగిన నా కన్ను ముడివేస్తున్న మామ్మతో మొరపెట్టుకుంది.

"సూడు మామ్మా, నానొక్కదాన్నే ఆడతన్నాను. కోపాలు మాత్రం ఈళ్ళకి."

"మీ అయ్య బోటు నడిపే సరంగు గదే. ఆడు వల లాగతాడా?" అంది మామ్మ, దారం కొరుకుతూ.

"లాగడు. ఎవులెప్పుడు లాగాలో సెప్తాడు."

"ఆడే దూకి లాగితే సుక్కానెవులు పడతారే గుంటా? నానా?"

"నువ్వు పడితే బోటు లంకకెల్పోద్ది మామ్మా," అంది గవరమ్మ.

అందరూ నవ్వారు. నూకరత్నానికీ నవ్వాగలేదు. "రేపు రాయే గవరా. నీ బంతి నీకే," అంది, నేలచూపులు చూస్తూ.

పోటీ రోజు "నాదే" అన్న మాట ఆమె నోటిదాకా రావడం, ఆమె దాన్ని మింగేయడం నేను దగ్గరనుంచి చూశాను. "గవరా నీది, దానమ్మా ఎనక్కెళ్ళు" అని అరుస్తూనే ఉంది. చివరి పాయింటుకు బంతి సరిగ్గా ఆమె నెత్తిమీదికే లేచింది. ఎదుటి జట్టులో ఇద్దరు ఆమెకు అడ్డంగా ఎగిరారు. ఆమె బంతిని మెల్లగా పక్కకు తోసి గవరమ్మను పిలవబోయింది. పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. గవరమ్మ అప్పటికే గాలిలో ఉంది. ఆమె కొట్టిన బంతి నా పై అంచుకు తగిలి క్షణం ఆగింది. నెట్ అన్నది ఎవరి పక్షమూ కాకూడదు, నేనూ కాలేదు. బంతే అటువైపు పడింది.

ఎదుటి కెప్టెన్ చేయి కలపడానికి వచ్చి, "మీ కెప్టెనెవరు?" అంది. నూకరత్నం నోరు తెరిచింది, మాట పెగలలేదు.

"ఇదే," అంది గవరమ్మ, ఆమె భుజం మీద చేయి వేసి. "మా పేర్లే అరిసి అరిసి గొంతు పోగొట్టుకుంది."

ఇప్పుడు బడికి కొత్త నెట్ వచ్చింది. నేను ఆటసామాన్ల గదిలో చుట్టగా పడి ఉన్నాను. ఇక్కడికి ఇసుక కనబడదు, పిలుపులు వినబడతాయి. పిలిచే గొంతు ఏటేటా మారుతుంది. ఎవరో ఒక పిల్ల పేరు వినబడుతుంది, ఆ వెంటనే బంతి చప్పుడు. ఆ పిల్లెవరో నేను చూడలేను గానీ, సమయానికి అందుకుందని తెలుస్తుంది.