గోడ మీద లేని గీత

వరద తీసిన తొమ్మిదో రోజున సర్వే ఆయన వచ్చేసరికి ఆసుపత్రి గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయి. వాళ్ళు చేసిన తప్పల్లా అదే.

ఆసుపత్రంటే పెద్దదేం కాదు. రెండు గదులు, ఒక వరండా, మందులు చల్లగా ఉంచే ఫ్రిజ్జు, ఒక నర్సమ్మ. నీళ్ళు తగ్గగానే ప్రార్థన మందిరం వాళ్ళు సొంత ఇళ్ళలో బురద అలాగే వదిలేసి ముందు అక్కడికే నడిచారు. రోగులుండే చోటు కడగడమంటే దేవుడి పాదాలు కడిగినట్టేనన్నాడు మందిరం పెద్ద. ఆయన రిటైరయిన బడి మాస్టారు. ఇరవై మంది మూడు రోజులు బురద ఎత్తిపోశారు. నాలుగో రోజు గోడలు సున్నాలాయన చేతికొచ్చాయి.

ముప్పై ఏళ్ళుగా గోడలతోనే కాపురం చేసిన మనిషి అతను. మాట తక్కువ. బురద మరక మీద సున్నం వేస్తే ఆర్నెల్లలో పెచ్చులూడుతుందని తెలుసు. అందుకే ఇనుప బ్రష్షుతో గోడంతా గీకాడు, బ్లీచింగు నీళ్ళతో మూడుసార్లు కడిగాడు, ఆరాక రెండు పూతలు వేశాడు. అంత శ్రద్ధగా తన ఇంటికి కూడా ఎప్పుడూ వేసుకోలేదు. అతని అక్కకి షుగరు. మడమ మీద పుండు. రోజు విడిచి రోజు నర్సమ్మ కట్టు కడితే కాలు నిలుస్తుంది, మానేస్తే చీలమండ పైదాకా తీసేయాలని పట్నం డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

సర్వే ఆయన వచ్చిన పొద్దున ఊరంతా మందిరంలో ప్రార్థనలో ఉంది. ఆయన చేతిలో ఎర్ర సుద్ద. నీటి మరక ఎక్కడుంటే అక్కడ గీత గీసి ఎత్తు రాసుకోవడం ఆయన పని. ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. మరక లేదు. నీళ్ళు తాగి చచ్చిన ఫ్రిజ్జుని కూడా తుడిచి, తలుపు వేసి, దాని చోట దాన్ని పెట్టేశారాయె. ‘నష్టం లేదు’ అని రాసుకుని వెళ్ళిపోయాడు. నష్టం లేని చోటికి కొత్త ఫ్రిజ్జు రాదు. ఫ్రిజ్జు లేని చోట మందులు పెట్టరు. మందులే లేకపోతే నర్సెందుకని ఆమెని పట్నానికి మార్చేశారు. మధ్యలో ఏటికి వంతెన లేదు. పడవెక్కి, ఆ తర్వాత లారీ పట్టుకుని వెళ్ళాలి, ఒక పూట పడుతుంది.

మాస్టారు అర్జీ రాసుకుని, సున్నాలాయనని వెంటబెట్టుకుని మూడుసార్లు పట్నం వెళ్ళాడు. రెండుసార్లు బెంచీ మీద కూర్చుని తిరిగొచ్చారు. మూడోసారి ఆఫీసరమ్మ లోపలికి పిలిచింది.

“మందిరం తరఫున వచ్చాను తల్లీ. మా ఊళ్ళో కాలు కుళ్ళిపోతున్న మనిషి ఉంది. కాన్పుకి దగ్గరపడ్డవాళ్ళు ముగ్గురున్నారు.”

“మీరు అబద్ధం చెప్తారని నేననను మాస్టారూ. కానీ మనిషి మాట రాయడానికి ఈ కాగితంలో గడి లేదు. గోడ మీద గీత చూపించండి, వెంటనే మార్పిస్తాను.”

“గోడ మేమే కడిగాం కదమ్మా.”

“ఎవరు కడగమన్నారు?”

మాస్టారు అర్జీని ఆమె బల్ల మీదకి జరిపాడు. గురువారం సర్వే ఆయన్ని మళ్ళీ పంపిస్తానందామె.

సున్నాలాయన ఇంటికొచ్చేసరికి అక్క మంచం మీద కూర్చుని, ఈగలు వాలకుండా కాలి మీద విసనకర్ర ఊపుకుంటోంది. గదంతా వాసన.

“ఏమన్నారు రా?”

“గీత కావాలంట.”

“నువ్వు వేసిన సున్నం తియ్యి మరి. కింద ఉంటుందిగా.”

“లేదక్కా. మొత్తం గీకేశాను.”

ఆమె విసనకర్ర ఆపింది. “చిన్నప్పుడు పలక మీద తప్పు రాస్తే ఉమ్మేసి తుడిచేవాడివి, సగం మరక అలాగే ఉండేది. ఇన్నేళ్ళకి పని నేర్చుకున్నావన్నమాట, సరిగ్గా నా కాలి మీదకొచ్చే వేళకి.”

బుధవారం మధ్యాహ్నం అతను పుట్టీ రేకు పట్టుకుని వెళ్ళి నాలుగు చోట్ల గీకి చూశాడు. ఉత్త సిమెంటు. బయటికొచ్చి కాలవ గట్టు నుంచి ఒండ్రు తెచ్చి బకెట్లో కలిపాడు. ఎత్తు అతనికి గుర్తుంది. ఆ రోజు మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని ఇదే గదిలోంచి బయటపడ్డప్పుడు నీళ్ళు మెడ ఎముక దగ్గరున్నాయి. గోడకి ఆనుకుని నిలబడి అక్కడ వేలితో గుర్తు పెట్టుకున్నాడు. నూలు తాడు కట్టి, కుంచెతో గది చుట్టూ గీత లాగాడు.

సాయంత్రం మాస్టారు వచ్చి గీత వెంట గది చుట్టూ నడిచాడు.

“నీళ్ళకి నూలు తాడు ఎవరిచ్చారు రా?”

“ఎత్తు నిజమేనండి.”

“ఎత్తు నిజమే. గీతే కాదు.” మాస్టారు వరండా మెట్టు మీద కూలబడ్డాడు. “సాక్షిగా సంతకం పెట్టాల్సింది నేను. కడగమన్నదీ నేనే. ఏం చెయ్యమంటావు?”

సున్నాలాయన కుంచె కడుక్కుని ఇంటికెళ్ళాడు. గీత మాత్రం తుడవలేదు.

గురువారం సర్వే ఆయన వచ్చి, ఎర్ర సుద్ద తీసి, గోడ దగ్గరికి వెళ్ళి ఆగాడు. గీత మీద వేలితో రుద్దాడు. ఒండ్రు పొడి రాలింది, దాని కింద తెల్లటి సున్నం.

“సున్నం మీదకి వచ్చాయా నీళ్ళు?”

మాస్టారు నోరు తెరిచాడు. ఆయన ఏమంటాడో సున్నాలాయనకి తెలియదు. ఆయనతో ఏదీ అనిపించకూడదని మాత్రం అనుకున్నాడు.

“నేనే గీశానండి. మాస్టారికి సంబంధం లేదు. నీళ్ళు మాత్రం ఇక్కడిదాకా వచ్చాయి.” అని మెడ ఎముక మీద చెయ్యి పెట్టుకున్నాడు.

సర్వే ఆయన చెడ్డవాడు కాదు. వేలికంటిన ఒండ్రు తుడుచుకున్నాడు. “ఇది రాయకుండా వెళ్తాను. రాస్తే ఊళ్ళో మిగతా ఇళ్ళ గీతలన్నీ మళ్ళీ చూడాలి. కానీ ఎర్ర గీత గీయలేనయ్యా,” అని సుద్ద జేబులో వేసుకున్నాడు.

ఆరు రోజులకి అక్కకి జ్వరం నెత్తికెక్కింది. పడవలో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. పట్నం ఆసుపత్రిలో అదే నర్సమ్మ ఎదురొచ్చి, కట్టు విప్పి చూసి, మొహం పక్కకి తిప్పుకుంది. కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఇంటికి పంపించే రోజు సున్నాలాయన అక్కని వీపున ఎత్తుకుని ఆసుపత్రి గేటు దాటాడు.

“పడవ రేవుకేనా?” అందామె.

“ఆఁ.”

“అక్కడికొద్దు. మాస్టారు కూర్చునే బెంచీ ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్ళు.”

మాస్టారు ఆఫీసు ముందు బెంచీ మీదే ఉన్నాడు, ఒళ్ళో కొత్త అర్జీతో. వాళ్ళని చూసి లేవబోయి, లేవలేక, జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చుని, చీర అంచు పైకి తీసి, రక్తం ఊరిన కట్టు ఉన్న కాలిని గుమ్మానికి ఎదురుగా చాపింది. లోపలికెళ్ళేవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది.

బంట్రోతు వచ్చాడు. “ఎవరమ్మా నువ్వు? ఇక్కడిలా కూర్చోకూడదు.”

“మీ ఆఫీసరమ్మ గోడ మీద గీత చూపించమన్నారంట కదా బాబూ. మా తమ్ముడు మోసుకొచ్చాడని చెప్పు.”

బంట్రోతు ఆ కట్టు వంక చూసి, మాస్టారి వంక చూసి, లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది. ముగ్గురూ ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నారు.