దత్తత చేసుకున్న గుండె

చంద్రపూర్ బజారులో బట్టల దుకాణం బాలకిషన్‌ది. మద్రాసులో ఎవరో పుణ్యాత్ముడి గుండె పెట్టించుకొచ్చి ఏడాదైంది. గుండె బంగారం, బాధంతా మాత్రలతోనే. ఒంట్లోని కాపలా కణాలు కొత్త గుండెను పరాయిదని తరిమెయ్యకుండా ఆ మాత్రలు వాటిని జోకొట్టాలి. అవి వేసుకుంటే చేతులు వణికేవి, జాకెట్టు గుడ్డ కత్తిరిస్తే వంకర. ముంజేతుల నిండా ఎలుగుబంటి జుట్టు. ప్రాణం దక్కింది, వెంట్రుకలదేముందిలే అని భార్య గిరిజ నవ్వేసేది.

గిరిజ అత్త మల్లవ్వ ఊరుకునే మనిషా?

"పరాయిదనే గద లొల్లి? మనదాన్ని జేసుకుంటే పాయె" అంది.

అయ్యగారిని పిలిపించింది. కొడుకు ఛాతీ మీద కొత్త బట్ట కప్పి, అక్షింతలు చల్లి, పిల్లాణ్ణి దత్తత తీసుకున్నట్టే ఆ గుండెకు ఇంటిపేరూ గోత్రమూ చెప్పించింది. విరూర్ నుంచి చుట్టాలు దిగారు. గిరిజ నవ్వుకుంటూనే అందరికీ పూర్ణం పెట్టి బక్షాలు చేసి పెట్టింది.

ఆ పూట నుంచి బాలకిషన్ మాత్రలు నోట్లో కాకుండా జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఇంటి మనిషి మీద కాపలా కణాలు ఎందుకు లేస్తాయని ఆయన ధీమా. కొన్నాళ్లకు చేతుల వణుకు తగ్గింది, కత్తెర సాఫీగా నడిచింది. గిరిజ మురిసిపోయింది కూడా.

ఒక సాయంత్రం ఆయన మెట్ల మధ్యలోనే కూలబడ్డాడు. ఎండకు, అన్నాడు. వానలు పడే ఆరుద్ర కార్తెలో ఎండేమిటి, ఆయన మొహం! అనుమానమొచ్చి గిరిజ జేబులు తడిమితే గుప్పెడు మాత్రలు బయటపడ్డాయి.

"నన్ను ముండమోపిని జేద్దామనుకుంటున్నవా ఏంది?" అని, అత్తనూ మొగుణ్ణీ బల్లార్షాలో మద్రాసు రైలెక్కించి తనూ ఎక్కింది.

అక్కడి డాక్టరు హరిప్రసాద్‌ది నెల్లూరు. రక్తం తీశాడు, గుండె కండలో పోగంత ముక్క తీసి చూశాడు.

"రక్తంలో గుండె దెబ్బతింటున్న గుర్తులన్నీ పెరిగాయి. కణాలు గుండెను కొరుకుతున్నాయి. గట్టి మందు ఎక్కిస్తాం. నిలుస్తుందో లేదో చూడాలి" అన్నాడు.

మందు ఎక్కించిన నాలుగు రోజులూ గిరిజ అత్తతో మాట్లాడలేదు. మాట్లాడితే తనేమంటుందోనని ఆమెకే భయం.

అయిదోరోజు డాక్టరు వచ్చి, గండం గడిచిందన్నాడు. మల్లవ్వ దత్తత సంగతి చెప్పి ఆయన్ని అడిగింది.

"గోత్రం గూడ చెప్పిస్తి గద సారూ. మరి ఎన్నడు మనదైతది?"

డాక్టరు నవ్వలేదు.

"ఎప్పటికీ కాదమ్మా. మందు ఆపిన రోజున మళ్లీ పరాయిదే."

మల్లవ్వ లేచి వెళ్లి కొడుకు ఛాతీ మీద చెయ్యి పెట్టింది.

"గన్ని దెబ్బలు తినుకుంట గూడ నా కొడుకును ఇడ్సిపోలేదా బిడ్డా?" అంది ఆ గుండెతో.

గిరిజ అత్తను పట్టుకుని ఏడ్చేసింది.