బిగించి కట్టిన మోకు

నడిసముద్రంలో చమురు గొట్టం పగిలి మూడు రోజులైంది. మధ్యాహ్నం పోటుతో నల్లటి తెట్టు పాయలోకి వచ్చేస్తుందని కబురందింది. పాయ లోపల, ఊళ్లో వలలల్లే ఒకాయన చెల్లెలి పీతల మడుగులున్నాయి. గోరంత పిల్లల్ని తెచ్చి వదిలి, ఏడాదిగా కంటికి రెప్పలా పెంచుకుంటోంది. మొగుడు పోయాక ఆమెకు ఉన్నదల్లా అవే.

పొద్దున్న నీళ్లు తగ్గి ఉన్నప్పుడే పాయ నోటికి అడ్డంగా తేలే కంచె వేశారు. దాన్ని లంగర్లకు మోకులతో కట్టింది ఆమె అన్న. వలలు అల్లడంలో చెయ్యి తిరిగినవాడు. తన ముడి ఏనాడూ ఊడలేదన్న మాట రోజుకు నాలుగుసార్లు ఆయన నోటే వినాల్సి వచ్చేది.

"నీళ్లు లేస్తాయండీ, మోకులు మూడు బారలు వదులుగా ఉంచండి" అన్నాడు చమురు కంపెనీ ఇంజనీరు.

"వదులిస్తే చేపే పోతుంది, నూనె ఆగుతుందా?" అని నవ్వి, అన్న బిగించి పారేశాడు.

ఇంజనీరు ముడులు చూడ్డానికి పడవెక్కబోతే చెల్లెలే అడ్డుపడింది.

"మా అన్నయ్య కట్టాడండీ. ఇంక చూసేదేముంది? అవతలి పాయ సంగతి చూడండి."

ఆయన వెళ్లిపోయాడు.

పోటొచ్చింది. నీళ్లు లేచాయి, కంచె లేవలేదు. పొట్టి మోకులు దాన్ని కిందికి పట్టి ఉంచాయి. మునిగిన కంచె మీదుగా తెట్టు పిలిచిన చుట్టంలా తాపీగా లోపలికి వచ్చింది.

అన్న గట్టు మీదే నిలబడిపోయాడు. చెల్లెలే ఆయన్ని పడవలోకి లాగి తెడ్డు వేసింది. ఆయన అంచు మీద బోర్లా పడి ముడి పట్టుకున్నాడు. అది బిగుసుకుపోయింది. గోళ్లు విరిగాయి తప్ప ముడి కదల్లేదు.

"కోసెయ్ అన్నయ్యా!"

"కోస్తే కంచె కొట్టుకుపోతుందే! ముందు ఇంకో తాడు కలపాలి."

కలిపాడు. తాడుకీ చేతులకీ జిడ్డు. జారిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ జారింది. ఊడాల్సింది ఊడదు, నిలవాల్సింది నిలవదు. దేవుడా అని పైకే ఏడ్చాడు. చివరికి తాడును కంచె కింద నుంచి తిప్పి, రెండు కొసలూ నడుముకు చుట్టుకుని, పాత మోకు కోసేశాడు. ఆ చోట కంచె పైకి తేలింది. తాడు నడుమును కోస్తున్నా, పొద్దున్న కంచె వేసిన మిగతావాళ్లు వచ్చేదాకా ఆయన వదల్లేదు.

వాళ్లొచ్చేసరికి మడుగులు నల్లబడ్డాయి. జిడ్డు పూసుకున్న పీతలు గట్టెక్కి, రెండడుగులు నడిచి ఆగిపోతున్నాయి.

వాళ్లతో వచ్చిన ఇంజనీరు తెగిన మోకు చేతిలోకి తీసుకుని చూశాడు. "వదులుగా ఉంచమన్నాక, ఇంత పొట్టిగా కట్టమన్నదెవరు?"

అన్న నోరు తెరిచేలోపే చెల్లెలు అంది.

"నేనేనండీ. బిగించి కట్టమని నేనే చెప్పాను."

ఆమె అన్న వైపు చూడలేదు. ఆ మాట అనే బదులు అందరి ముందూ చెంప పగలగొట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది.