పిలవని గూటం

నేలకూల్చిన సాగో చెట్టు మొదట్లో కూర్చుని ఐంబా గూటంతో లోపలి దవ్వను కొడుతోంది. మోకాళ్ల దాకా బురద. అరిచేతులు కాయలు కాసి చెప్పు అట్టల్లా ఉన్నాయి. పెళ్లయిన నాటి నుంచీ ఆమె పని ఇదే. చెట్టు మారుతుంది, పని మారదు.

కోడలు జోస్టీనా ఆ దవ్వలో నీళ్లు పోసి, తినే పిండి దిగేలా పిండుతోంది. ఆమె చంటివాడు నింబో, చెట్టుకొమ్మకు వేలాడే వలసంచిలో నిద్రపోతున్నాడు.

ఆ చిత్తడి అడవికి ప్రాణాలంటే మహా ఆశ. ఇంటికి బయల్దేరే ముందు ప్రతి మనిషినీ, తెచ్చిన ప్రతి వస్తువునూ పేరు పెట్టి పాత భాషలో పిలవాలి. పిలవనిది అడవిదే. ఊరంతా మాట్లాడే పిసిన్ భాష దానికి వినిపించదు. పాత భాష వచ్చిన మనిషి ఇక ఐంబా ఒక్కతే. పొద్దుటి నుంచీ ఆమెకు రొమ్ము కింద పట్టేస్తోంది. చావంటే భయం లేదు. తను పోతే పసివాణ్ని పిలిచేదెవరన్నదే ఆమె భయం.

"ఆ పిలుపు ఇంకోసారి అను," అంది కోడలితో.

జోస్టీనా అంది.

"దిగువకు రమ్మంటున్నావే పిల్లా. మనిల్లు ఎగువన కదా. దిగువన మొసళ్లు తప్ప ఎవరున్నారు?"

"ఒక్క 'రా'కి ఇన్ని వంకరలేంటత్తా? మా ఊళ్లో రా అంటే కుక్క కూడా వచ్చేది."

"మీ కుక్కలు బుద్ధిమంతులులే. ఈ నీళ్లు కావు. చివర్న ఊపిరి గొంతులో బిగబట్టు."

జోస్టీనా నవ్వుతూనే వలసంచి వైపు చూసింది. తొలిచూలు బిడ్డను అత్త తోడు లేని రోజునే ఇక్కడికి తెచ్చింది. ఆ వెంటనే ఆ బిడ్డ జ్వరమొచ్చి చనిపోయింది.

కాసేపటికి గూటం చప్పుడు ఆగింది. అత్త అలుపు తీర్చుకుంటోంది కాబోలనుకుంది జోస్టీనా. ఎంతకీ మొదలవకపోతే తిరిగి చూసింది. ఐంబా చెట్టుకు చెంప ఆనించి ఉంది. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు.

గట్టిగా ఏడవడానికి కూడా భయమేసింది. వలసంచి వీపున వేసుకుని నింబోను ఎగువకు పిలిచింది. చివర్న ఊపిరి బిగబట్టింది. సరిగ్గా పలికిందో లేదో చెప్పేవాళ్లు లేరు. మళ్లీ పిలిచింది. తన పేరూ, అత్త నేర్పిన మాటల్లో సంచినీ, బుట్టనూ పిలిచింది. చివరికి అత్తనూ పిలిచి, ఊరివైపు పరుగెత్తింది.

సాయంత్రం ఆమె వెంట మగవాళ్లొచ్చి, ఆమె పేరుపేరునా పిలిచాక ఐంబాను మోసుకెళ్లారు. ఒకతను గూటం అందుకోబోతే జోస్టీనా వద్దంది. దాన్ని పాత భాషలో ఏమంటారో ఆమె అడిగి పెట్టుకోలేదు. ఐంబా చేతి చెమటకు నల్లబడిన పిడితో అది దవ్వలోనే దిగబడి ఉండిపోయింది.