వెన్న పలక

షారోన్ స్నానానికి వెళ్లింది. సుమలతకు దొరికింది పది నిమిషాలు.

ఫ్రిజ్ తెరిచింది. బటర్ పేపర్లో చుట్టిన తెల్లని వెన్న పలక గట్టిపడి ఉంది. ఇంటి బర్రె వెన్న. దాన్ని పిండి మధ్యన పెట్టి, మడత మీద మడత వేసి ఒత్తితేనే డేనిష్ పేస్ట్రీకి పొరలొస్తాయని హైదరాబాదులో నేర్చుకొచ్చింది చిన్నకోడలు షారోన్. సుమలత కాగితం విప్పి ఆ పలకను కొంగు చాటున దాచింది. ఇడ్లీపిండి గిన్నె వెనక నిన్ననే తట్టి పెట్టిన డాల్డా పలకను అదే కాగితంలో చుట్టింది. అదీ తెల్లనే. వాసన చూస్తే తప్ప తేడా తెలియదు.

ఎనిమిదేళ్లుగా కేసముద్రం చర్చిలో క్రిస్మస్ కేకంటే పెద్దకోడలు సుమలత కేకే. ఇప్పుడు షారోన్ పేస్ట్రీల పేరు విని జనగామ నుంచి బేకరీ యజమాని వెంకట్రాం రైలెక్కి వస్తున్నాడు. నచ్చితే వారం వారం ఆర్డర్. ఆ తర్వాత సుమలత కేకును తలిచేదెవరు?

మధ్యాహ్నం ఓవెన్ లోంచి ట్రే బయటికొచ్చింది. సుమలత తొంగి చూసింది. పేస్ట్రీలు పొరలు పొరలుగా విచ్చుకుని ఉన్నాయి. ఎండలు ముదిరాక పోయినసారి వెన్న కరిగి ట్రే నిండా కారింది. డాల్డా అంత తొందరగా కరగదు. చెడగొట్టబోయి తనే బాగుచేసింది.

వెంకట్రాం ఒకటి తిని వేళ్లు తుడుచుకున్నాడు. "గీ ఎండల గిట్ల పొంగినయంటే మాటలు కాదు. ఎట్ల చేసినవమ్మా?"

"నాకే సమజ్ అయితలేదు సార్," అంది షారోన్. "గదే వెన్న, గదే కొలత."

సుమలత నోరు మూసుకుంటే చాలు. వచ్చే వారం షారోన్ మళ్లీ వెన్నే పెడుతుంది. అంతా కారిపోతుంది. ఆర్డర్ పోతుంది.

అత్త నర్సమ్మ రెండోది అందుకుంది. "చేతి గుణం సారు. మా పెద్దదానికి ఎనిమిదేండ్ల సంది చేసినా గిసుంటి చెయ్యి రాలే."

"అది వెన్న కాదు," అంది సుమలత. "డాల్డా. నేనే పెట్టిన."

నర్సమ్మ నమలడం ఆపింది.

"ఎప్పుడు పెట్టినవక్కా?" షారోన్ గొంతు పెరగలేదు.

"నువ్వు తానానికి పోయినప్పుడు."

ఎందుకని షారోన్ అడగలేదు. తన నోటుబుక్కు తెరిచి, 'వెన్న' అన్న మాట కొట్టేసింది.

"ఎంత పెట్టినవ్?"

చెప్పకూడదు. ఆ ఒక్క మాట మింగితే ఇంకా అంతా తన చేతిలోనే ఉంటుంది. కానీ వెంకట్రాం చూపు అప్పుడే షారోన్‌ను వదిలి తన మీద నిలిచింది.

"పావుకిలో," అంది సుమలత. "అంచులు జర పల్చగ తట్టిన."